అణుబాంబు గురించి పిల్లలు అడిగితే జవాబు చెప్పడం ఎలా

2025 జూన్ 12న బడులు తెరిచారు. మరునాడు తెల్లవారేసరికి ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడులు మొదలయ్యాయి. అంతకు నెల ముందే భారత్, పాకిస్తాన్‌ల మధ్య నాలుగు రోజుల పోరు నడిచింది. అది వేసవి సెలవుల కాలం కావడంతో పిల్లలంతా ఇళ్లలోనే ఉండి టీవీల్లో, ఫోన్లలో వచ్చిందంతా చూశారు. నెల్లూరు జిల్లా తీర మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే నాకు ఆ ఏడాది తొమ్మిది, పది తరగతుల్లో మొదటి వారం పాఠ్యపుస్తకం తెరిచే వీలు చిక్కలేదు. ప్రశ్నలన్నీ అణుబాంబు చుట్టూనే తిరిగాయి. అప్పుడు తడబడుతూ చెప్పిన జవాబులను సరిచూసుకుని, హిరోషిమా మీద బాంబు పడి 80 ఏళ్లు నిండిన ఆగస్టు 6న మరికొంత కుదురుగా చెప్పగలిగాను. తోటి ఉపాధ్యాయులకూ, ఇంట్లో ఇలాంటి ప్రశ్నలు ఎదుర్కొనే పెద్దలకూ పనికివస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది, వీడియోతో మొదలుపెట్టవద్దని. నేను చేసిన మొదటి తప్పు అదే. స్మార్ట్ టీవీ మీద పుట్టగొడుగు మేఘం లేవగానే వెనక బెంచీల నుంచి ఈలలు వినిపించాయి. సినిమాలో కథానాయకుడు తెర మీదికి వచ్చినప్పుడు వేసే ఈలలకూ వాటికీ తేడా లేదు. అందులో పిల్లలను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఎన్నో కిలోమీటర్ల దూరం నుంచి తీసిన ఆ దృశ్యంలో మనిషి ఒక్కడూ కనిపించడు, కొలత తెలియడానికి పక్కన చెట్టో ఇల్లో ఉండదు, చూడడానికి అది నిజంగానే అందంగా ఉంటుంది. కొలత తెలిసిన తరువాత చూపిస్తే అదే వీడియోకు తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది.

రెండోది, ప్రశ్నలను నోటితో అడిగించకుండా చీటీల మీద రాయించడం. పేరు రాయనవసరం లేదని చెప్పి, ఖాళీ సుద్దముక్కల డబ్బాలో వేయమంటే, చెయ్యెత్తి అడగని పిల్లలు కూడా రాస్తారు. చీటీలను ఇంటికి తీసుకుపోయి మూడు కుప్పలుగా విడదీయాలి. కొలిచి చెప్పగలిగినవి ఒకటి, చరిత్రకారులే ఏకాభిప్రాయానికి రానివి ఒకటి, ప్రశ్న రూపంలో ఉన్న భయాలు ఒకటి. మూడో కుప్ప చిన్నదే అయినా మరునాడు మొదట దానికే జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ చీటీ రాసిన బిడ్డకు తన జవాబు వచ్చేదాకా మిగతా పాఠం చెవికెక్కదు.

నాకు వచ్చిన ఒక చీటీ ఇది: "మా అమ్మ కువైట్‌లో ఉంది సార్. ఇరాన్‌లో యురేనియం పేలితే ఆడికి వస్తదా?" మన జిల్లాల నుంచి ఇళ్లలో పనికని గల్ఫ్ వెళ్లిన తల్లులు ఎందరో ఉన్నారు కనుక ఆ చీటీ ఎవరిదో నేను వెతకలేదు. తరగతికంతటికీ జవాబు చెప్పాను. యురేనియం శుద్ధి చేసే కర్మాగారం మీద బాంబు వేసినంత మాత్రాన అది అణుబాంబులా పేలదు. శుద్ధి కోసం యురేనియాన్ని ఫ్లోరిన్‌తో కలిపి వాయువుగా మారుస్తారు; అది బయటపడితే గాలిలోని తేమతో కలిసి ఒళ్లు కాల్చే ఆమ్లం పుడుతుంది, అది ఆ ఆవరణలో ఉన్నవారికి ప్రమాదమే తప్ప వందల కిలోమీటర్లు ప్రయాణించేది కాదు. ఆ నెలలో నతాంజ్, ఇస్ఫహాన్, ఫొర్దో కేంద్రాల మీద దాడులు జరిగిన తరువాత, వాటి ఆవరణ వెలుపల రేడియేషన్ పెరగలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రకటించింది. అయితే బుషెహర్‌లో నడుస్తున్న విద్యుత్ రియాక్టర్ సంగతి వేరని, దానికి దెబ్బ తగిలితే జరిగే నష్టం వేరే స్థాయిలో ఉంటుందని, దాని జోలికి పోలేదని కూడా చెప్పాను. "ఏమీ కాదులేమ్మా" అని ఊరడించి ఆ రెండో మాట దాచి ఉంటే, సాయంత్రానికి ఫోన్‌లో బుషెహర్ పేరు చూసిన పిల్లలు నేను చెప్పిన మొదటి మాటను కూడా నమ్మేవారు కాదు.

అణువా, పరమాణువా?

భయాలు తీరిన తరువాత శాస్త్రంలోకి దిగేటప్పుడు తెలుగులోనే ఒక చిక్కు ఎదురవుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో అణువు అంటే మాలిక్యూల్, పరమాణువు అంటే ఆటమ్. రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిస్తే ఒక నీటి అణువు. ఈ లెక్కన అణుబాంబు అనే మాట శాస్త్రరీత్యా పొరపాటే. పత్రికలు దశాబ్దాలుగా అణుబాంబు, అణ్వస్త్రం, అణువిద్యుత్తు అని రాస్తూ ఉండడం వల్ల ఆ మాట స్థిరపడిపోయింది. పదో తరగతి పిల్ల ఒకతె "అణువు పగిలితే పరమాణువులు కదా సార్ వచ్చేది, బాంబెట్టయితది?" అని అడిగినప్పుడు నాకు సంతోషమనిపించింది, ఎందుకంటే అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

అణువులు విడిపోయి పరమాణువులు మరోలా కలిస్తే అది రసాయన చర్య. కట్టె కాలడం, దీపావళి టపాకాయ పేలడం, క్వారీలో తూటా పేలడం అన్నీ ఆ కోవలోవే. ఈ చర్యలన్నిటిలోనూ పరమాణువు నడిమధ్యన ఉన్న కేంద్రకం చెక్కుచెదరదు. ఆ కేంద్రకాన్నే చీల్చినప్పుడు వెలువడే శక్తి, బరువుకు బరువు చూసుకుంటే, రసాయన చర్య కన్నా లక్షల రెట్లు ఎక్కువ. కాబట్టి నల్లబల్ల మీద "కేంద్రక బాంబు" అని ఒకసారి రాసి, వాడుకలో అణుబాంబు అంటారని చెప్పి ముందుకు సాగితే సరిపోతుంది. వాడుక మాటను నిషేధించే ప్రయత్నం చేయవద్దు, అది నెగ్గదు.

చింతగింజలతో గొలుసు చర్య

1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లనే సూక్ష్మ కణాలతో తాకించి చూస్తే అందులో అంతకన్నా తేలికైన మూలకం బేరియం కనిపించింది. యురేనియం కేంద్రకం రెండుగా చీలిందని దానికి అర్థం చెప్పినవారు లీజ్ మైట్నర్, ఆమె అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్. చీలిన ప్రతిసారీ రెండు మూడు న్యూట్రాన్లు బయటికి వస్తాయి. అవి మరికొన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఈ గొలుసు చర్యను సూత్రంగా చెబితే పిల్లలు తలూపుతారు గానీ పట్టుకోరు.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె చింతపండు పులుసుకు నానబెట్టే ముందు తీసిన గింజలను ఒక డబ్బాలో పోసి ఉంచుతుంది. వాటిని అరువు తెచ్చాను. నేల మీద మొదట ఒక గింజ, దాని ముందు వరుసలో రెండు, తరువాత నాలుగు, ఎనిమిది, ఇలా పేర్చమన్నాను. ఆరో వరుస దాకా నవ్వుతూ పేర్చారు. ఏడో వరుసకు 64 కావలసి రాగానే చేతులు నెమ్మదించాయి. పదో వరుసకు 512 కావాలి, అప్పటికి నేల మీదకు చేరిన మొత్తం 1,023, డబ్బాలో అడుగు కనిపించింది. అక్కడ ఆపి మిగతాది సుద్దముక్కతో చేయించాలి. రెట్టింపు చేయడం ఇరవై సార్లయితే పది లక్షలు దాటుతుంది, ముప్పై సార్లయితే వంద కోట్లు దాటుతుంది. ఎనభై సార్లయితే 12 పక్కన 23 సున్నాలు పెట్టవలసి వస్తుంది. ఒక కిలో యురేనియంలో ఉండే పరమాణువుల సంఖ్య దాదాపు ఆ లెక్కలోనే ఉంటుంది. ఈ ఎనభై మెట్లూ సెకనులో పది లక్షల వంతు గడవకముందే పూర్తవుతాయి. పదో వరుసకే అలసిపోయిన చేతులకు ఈ మాట బాగా ఎక్కుతుంది.

ఇక్కడ ఎవరో ఒకరు "అయితే మనం చేయొచ్చా సార్?" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. కసరవద్దు. భూమిలో దొరికే యురేనియంలో తేలికగా చీలే రకం, అంటే యురేనియం-235, వెయ్యి పాళ్లలో ఏడు పాళ్లే ఉంటుందని, మిగతాదంతా యురేనియం-238 అని, ఈ రెండూ రసాయనికంగా ఒకటే కావడం వల్ల వాటిని విడదీయడానికి దేశాలకు దేశాలే ఏళ్ల తరబడి శ్రమించవలసి వచ్చిందని చెబితే చాలు. విద్యుత్ రియాక్టర్లకు సాధారణంగా 3 నుంచి 5 శాతం దాకా శుద్ధి చేసినది సరిపోతుంది, మన దేశంలోని భారజల రియాక్టర్లు అసలు శుద్ధి చేయని యురేనియంతోనే నడుస్తాయి. బాంబుకు 90 శాతం దగ్గరకు పోవాలి. అందుకే రియాక్టర్ అణుబాంబులా పేలడం సాధ్యం కాదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో జరిగింది అదుపు తప్పిన రియాక్టర్‌లో ఆవిరి పీడనం వల్ల వచ్చిన పేలుడు; దాని అపాయం పేలుడు బలంలో కాక, బయటికి చిమ్మిన రేడియోధార్మిక పదార్థంలో ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నందున "పక్క జిల్లాలో బాంబులు తవ్వుతున్నారంట" అనే మాట కూడా మా వైపు వినిపిస్తుంది. తవ్వేది ముడిఖనిజమని, గని వల్ల నీటికీ పొలాలకూ కలిగే చెరుపు గురించి అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయని, పేలుడు వాటిలో లేదని చెప్పాలి.

"ఎంత పెద్దది సార్?"

ఈ ప్రశ్నకు కిలోటన్ను అనే మాటతో జవాబు చెబితే ప్రయోజనం లేదు. 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు హిరోషిమా మీద పేలిన యురేనియం బాంబు బలం సుమారు 15 కిలోటన్నులు, అంటే 15,000 టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు మందుతో సమానం. పది టన్నులు మోసే లారీలైతే 1,500 కావాలి. ఒక్కో లారీకి పది మీటర్ల చోటు ఇచ్చి, నెల్లూరు పెన్నా వంతెన దగ్గర మొదటి లారీని నిలిపి, ఒకదాని వెనక ఒకటి ఆపుకుంటూ పోతే, వరుస కోవూరు దాటి జాతీయ రహదారి మీద పదిహేను కిలోమీటర్లు సాగుతుంది. ఆ లారీలన్నిటిలోని మందు ఒకే చోట, ఒకే క్షణంలో పేలిందనుకోవాలి. ఆ బాంబులో నింపిన యురేనియం సుమారు 64 కిలోలు, అందులో నిజంగా చీలింది కిలో కూడా లేదు, శక్తిగా మారిపోయిన ద్రవ్యరాశి ఒక గ్రాముకు లోపే. చేతిలో ఒక చింతగింజ పట్టుకుని ఈ మాట చెప్పండి.

మూడు రోజుల తరువాత, ఆగస్టు 9 ఉదయం 11 గంటల 2 నిమిషాలకు నాగసాకి మీద వేసినది ప్లుటోనియం అనే మరో మూలకంతో చేసిన బాంబు, బలం సుమారు 21 కిలోటన్నులు. ఆ విమానం మొదట వెళ్లింది కొకురా నగరం మీదికి. అక్కడ మబ్బు, పొగ కమ్మి గురి కనబడకపోవడంతో నాగసాకికి మళ్లింది. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70,000కు పైగా చనిపోయారని అంచనా.

కొందరు ఉపాధ్యాయులు మన ఊరి పటం మీద వృత్తం గీసి చూపిస్తారు. నేను దానికి ఒప్పుకోను. పటం మీద తన ఇల్లు వృత్తం లోపల పడిన పిల్లవాడు ఆ రాత్రి నిద్రపోడు, నేర్చుకునేది కూడా ఏమీ ఉండదు. బదులుగా హిరోషిమా పటమే తీసుకుని, పేలుడు కింది చోటు నుంచి ఒకటిన్నర కిలోమీటరు దాటేదాకా దాదాపు అంతా నేలమట్టమైందని చూపించి, ఒకటిన్నర కిలోమీటరు అంటే మీరు రోజూ నడిచే దారిలో ఎక్కడి నుంచి ఎక్కడికని అడిగితే, వాళ్లే చెబుతారు. మా పిల్లలు "బడి కాడ నుంచి బకింగ్‌హాం కాలువ దాకా" అన్నారు.

తరువాత ఏది ముందు, ఏది వెనుక అన్నది చెప్పాలి, ఎందుకంటే ప్రాణానికి పనికివచ్చే సంగతి అందులో ఉంది. మెరుపు కనిపించిన కొంతసేపటికి ఉరుము వినిపిస్తుంది. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం లెక్కకట్టడం మా పిల్లలకు వచ్చు. అణుబాంబులోనూ వెలుగు, వేడి మొదట తాకుతాయి, గాలి దెబ్బ వెనుక వస్తుంది. శక్తిలో దాదాపు సగం గాలి దెబ్బగానూ, మూడో వంతు వేడిగానూ, మిగతాది రేడియేషన్‌గానూ పోతుంది. మెరుపు చూసి "ఏందది" అని కిటికీ దగ్గరకు పోయిన మనిషి మీద కొన్ని సెకన్ల తరువాత అద్దాలు పగిలి పడతాయి. దీనికి బాంబే అక్కరలేదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ ఆకాశంలో ఉల్క పేలినప్పుడు వెలుగు చూడడానికి కిటికీల వద్దకు వెళ్లినవారిలో ఎందరో గాజు పెంకులతో గాయపడ్డారు. ఆ రోజు గాయపడినవారు సుమారు 1,500 మంది. అసాధారణమైన వెలుగు కనిపిస్తే దానివైపు చూడకుండా నేల మీద బోర్లా పడుకుని, తల కప్పుకుని, గాలి దెబ్బ దాటేదాకా లేవకూడదన్నది ఒక్కటే సూత్రం. మరీ దగ్గర ఉన్నవారిని ఏ సూత్రమూ కాపాడదని కూడా చెప్పాలి. పిల్లలకు ఆ సంగతి ముందే తెలుసు. మనం ఒప్పుకుంటామో లేదో చూస్తారు.

చేపల పడవ కథ, దుమ్ము లెక్క

రేడియోధార్మిక ధూళి గురించి చెప్పడానికి తీరప్రాంతపు బడిలో నాకు దొరికిన మంచి దారి ఒక జపాన్ చేపల పడవ. దాని పేరు దైగో ఫుకుర్యు మారు, అంటే అయిదవ అదృష్ట డ్రాగన్. 1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలో బికినీ దీవుల వద్ద అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును, అంటే కేంద్రకాలను కలిపి ఇంకా ఎక్కువ శక్తి రాబట్టే రకాన్ని, పరీక్షించింది. బలం ఆరు మెగాటన్నుల (ఒక మెగాటన్ను వెయ్యి కిలోటన్నులు) చుట్టుపక్కల ఉంటుందని లెక్కవేసుకుంటే 15 మెగాటన్నులు తేలింది, అంటే హిరోషిమా బాంబుకు వెయ్యి రెట్లు. బాంబులో వాడిన లిథియంలో ఒక రకం చర్యలో పాల్గొనదని అనుకోవడం, అది పాల్గొనడం వల్ల లెక్క తప్పింది. వందకు పైగా కిలోమీటర్ల దూరంలో, ప్రకటించిన ప్రమాద పరిధికి వెలుపల ట్యూనా కోసం గాలం తాళ్లు వేసుకున్న 23 మంది ముందు పడమట వెలుగు చూశారు, నిమిషాల తరువాత శబ్దం విన్నారు, కొన్ని గంటలకు తెల్లటి పొడి రాలడం చూశారు. అది పేలుడుకు పొడి అయి పైకి లేచిన పగడపు దిబ్బ. తాళ్లు లాక్కునేదాకా ఆ పొడిలోనే పనిచేశారు, అది జుట్టులోనూ మెడ దగ్గరా చేరింది. సాయంత్రానికి వాంతులు, కొన్ని రోజులకు చర్మం మీద బొబ్బలు. మార్చి 14న యాయిజు రేవుకు చేరారు. పడవలో రేడియో ఆపరేటర్ ఐకిచి కుబోయామా సెప్టెంబరు 23న మరణించాడు. రోంగెలాప్ దీవిలో పిల్లలు ఆ పొడితో ఆడుకున్నారు. వారిని అక్కడి నుంచి తరలించేసరికి రెండు రోజులు గడిచాయి.

ఈ కథ చెప్పినప్పుడు తరగతిలో వేటకు పోయే ఇళ్ల పిల్లలు అడిగే ప్రశ్నలు నాకు తోచనివి. "వల కడుక్కున్నారా సార్?" అని ఒకడు, "ఆ చేపలేం చేశారు?" అని ఇంకొకడు. చేపలు బజారుకు చేరిన తరువాత విషయం బయటపడింది, జపాన్‌లో రేవు రేవునా చేపలను కొలిచి, రేడియోధార్మికత ఉన్నవాటిని పారబోశారు, కొనేవారు లేక ధర పడిపోయింది. ఆ ఏప్రిల్‌లోనే నెహ్రూ పార్లమెంటులో అణుపరీక్షలను నిలిపివేయాలని కోరారు. వాతావరణంలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలను నిషేధించే ఒప్పందం 1963లో కుదిరింది.

కనిపించని, వాసన లేని అపాయం అంటే ఏమిటో కనిగిరి వైపు పిల్లలకు వివరించనవసరం లేదు. వాళ్ల నీళ్లలోని ఫ్లోరైడ్ అలాంటిదే. తేడా ఒకటుంది. ఫ్లోరైడ్ తనంతట తాను తగ్గదు, రేడియోధార్మిక ధూళి తగ్గుతుంది, అదీ మొదట్లో చాలా వేగంగా. ఒక గంటకు దాని తీవ్రత 1,000 అనుకుంటే, ఏడు గంటలకు 100, రెండు రోజులకు 10, రెండు వారాలకు సుమారు 1. కాలం ఏడు రెట్లయ్యేకొద్దీ తీవ్రత పదో వంతుకు పడిపోతుందన్న ఈ లెక్కను బల్ల మీద చేయించండి. ఇంట్లో ఉండమని ఎందుకు చెబుతారో అప్పుడు అర్థమవుతుంది: మొదటి రోజు తలుపు వేసుకుని కూర్చోవడమే అన్నిటికన్నా పెద్ద వైద్యం.

ఎక్కడ కూర్చోవాలన్నదానికి తుపాను అలవాటు సగం పనికివస్తుంది. రేకుల ఇల్లు, పూరిల్లు వదిలి స్లాబు వేసిన కట్టడంలోకి చేరాలి. ధూళి కప్పు మీద పేరుకుంటుంది గనుక పై అంతస్తు కాకుండా కింది అంతస్తులో, కిటికీలకు దూరంగా నడిమి గదిలో ఉండాలి. బయట తిరిగి వచ్చినవారు పై బట్టలు తీసి సంచిలో కట్టి దూరంగా పెడితే ఒంటి మీద ధూళిలో ఎక్కువ భాగం పోతుంది. తరువాత సబ్బుతో స్నానం. మూత పెట్టిన నీళ్లు, ఇంట్లో ఉన్న తిండి వాడుకోవచ్చు. బావి మీద, గడ్డి మీద ముందే టార్పాలిన్ కప్పగలిగితే మేలు. తుపానుకు పనికివచ్చే బ్యాటరీ రేడియో ఇక్కడా పనికివస్తుంది. అయోడిన్ మాత్రలు మాత్రం అందరూ అనుకున్నట్లు రేడియేషన్‌కు విరుగుడు కావు. అవి థైరాయిడ్ గ్రంథిని రేడియోధార్మిక అయోడిన్ నుంచి కాపాడతాయి, అంతే. వైద్యులు చెప్పకుండా వేసుకోకూడదు.

"హిరోషిమాలో ఇప్పటికీ గడ్డి మొలవదంట" అనే చీటీ ప్రతిసారీ వస్తుంది. ఆ బాంబు నేలకు దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది, అగ్నిగోళం నేలను తాకలేదు, అందువల్ల బికినీలోలా మట్టి పైకి లేచి విషధూళిగా రాలడం తక్కువ. మూడో రోజుకే ట్రాములు కొంతదూరం నడిచాయి. ఇప్పుడు అక్కడ పది లక్షలకు పైగా జనం ఉన్నారు. బాంబు తరువాత మొదట పూసిన చెట్లలో ఒకటని గన్నేరును ఆ నగరం తన పువ్వుగా ఎంచుకుంది. మన జాతీయ రహదారి మధ్యలో పెంచే గన్నేరే అది. బతికి బయటపడినవారిలో రక్త క్యాన్సర్, ఇతర క్యాన్సర్లు పెరిగిన మాట నిజం. తల్లి కడుపులో ఉండగా రేడియేషన్‌కు గురైన బిడ్డల్లో కొందరి మెదడు ఎదుగుదల దెబ్బతిన్నది. బాంబు తరువాత కడుపున పడిన బిడ్డల్లో మాత్రం వంశపారంపర్య లోపాలు పెరిగినట్లు ఇప్పటిదాకా అధ్యయనాల్లో కనిపించలేదు. అయినా "బాంబు సోకినవారు" అని జపాన్‌లోనే వారికి సంబంధాలు ఇవ్వడానికి వెనకాడారు. రేడియేషన్ అంటువ్యాధి కాదన్న మాటను ఇక్కడ రెండుసార్లు చెప్పండి.

చరిత్ర చీటీలు

ఐన్‌స్టీన్ బాంబు చేశాడన్నది తప్పు. 1939 ఆగస్టులో భౌతికశాస్త్రవేత్త లియో జిలార్డ్ ప్రోద్బలంతో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు రాసిన లేఖ మీద సంతకం చేశాడు. బాంబు తయారీలో ఆయన పనిచేయలేదు. బాంబు తయారైన లాస్ ఆలమోస్ ప్రయోగశాలను నడిపినవాడు ఓపెన్‌హైమర్. మొదటి పరీక్ష 1945 జూలై 16న న్యూ మెక్సికో ఎడారిలో జరిగింది. ఆయన గీతాశ్లోకం తలచుకున్నాడన్న మాట నిజమే. 1965లో టీవీలో ఆ సంగతి చెప్పాడు. లోకాలను హరించేది నేనే అనే ఆ శ్లోకంలో ఉన్నది "కాలం", ఆయన ఆంగ్లంలో చెప్పింది "మృత్యువు". యముణ్ణి కాలుడని పిలిచే మనకు ఆ అనువాదం వింతగా తోచదు. దీన్నుంచి బ్రహ్మాస్త్రమే అణుబాంబు అనే చీటీకి దారి పడుతుంది. పురాణంలోని అస్త్రం మంత్రంతో పుడుతుంది, మంత్రంతో వెనక్కి మళ్లుతుంది. దీన్ని మళ్లించే మంత్రం లేదు. అంతకు మించి వాదించకుండా ముందుకు పోవడం నా అలవాటు.

జపాన్ మీద బాంబులు వేయడం అవసరమా అన్నది రెండో కుప్పలోది. వేయకపోతే దండయాత్రలో ఇంకా ఎక్కువమంది పోయేవారని ఒక వాదం, ఆగస్టు 8న సోవియట్ యూనియన్ యుద్ధం ప్రకటించడమే లొంగుబాటుకు ఎక్కువ కారణమని మరొక వాదం. రెండింటినీ చెప్పండి. తరగతిలో చేతులెత్తించి ఓటు మాత్రం పెట్టవద్దు.

శ్రీహరికోట గురించి తప్పక అడుగుతారు, ఎందుకంటే రాత్రివేళ రాకెట్ ఎగిరితే మా ఊరి మిద్దెల మీద నుంచి వెలుగు కనిపిస్తుంది. అది ఇస్రో కేంద్రం, ఉపగ్రహాలను పంపేది. క్షిపణులు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పని, వాటి పరీక్షలు ఎక్కువగా ఒడిశా తీరంలో జరుగుతాయి. అయితే రెండింటికీ బంధుత్వం లేదనడం సరికాదు. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన రాకెట్ ఎస్ఎల్‌వీ-3 మొదటి దశ పరిజ్ఞానమే 1989 మే 22న ఎగిరిన తొలి అగ్ని క్షిపణికి పునాది. రెండు పనులకూ ముందు నిలిచినవాడు అబ్దుల్ కలాం.

ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయన్నది త్వరగా ముగించవచ్చు. తొమ్మిది దేశాల వద్ద 12 వేలకు పైగా ఉన్నాయి, వాటిలో దాదాపు 90 శాతం రష్యా, అమెరికాలవే. స్టాక్‌హోమ్‌లోని ఆయుధాల లెక్కలు చూసే సిప్రి సంస్థ 2025 అంచనాలో భారత్‌కు 180, పాకిస్తాన్‌కు 170. దక్షిణాఫ్రికా ఆరు చేసుకుని, తానే విప్పేసింది. మన దేశం 1974 మే 18న, మళ్లీ 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపింది. ముందుగా ప్రయోగించబోమన్న విధానాన్ని 2003 జనవరిలో అధికారికంగా ప్రకటించింది.

"పొరపాటున పేలితే?" అన్న చీటీని మాత్రం తొందరగా దాటవేయకూడదు. 1983 సెప్టెంబరు 26 అర్ధరాత్రి దాటాక సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అమెరికా నుంచి అయిదు క్షిపణులు వస్తున్నట్లు చూపించింది. దాడి చేసేవాడు అయిదుతో మొదలుపెట్టడని తర్కించిన, ఆ రాత్రి విధుల్లో ఉన్న అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ అది తప్పుడు హెచ్చరిక అని పైవారికి చెప్పాడు. మేఘాల మీద పడిన ఎండ మెరుపును యంత్రం క్షిపణులనుకుంది. అలాంటివి పరాయి దేశాల్లోనే జరుగుతాయని పిల్లలు అనుకోకుండా, 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో పడిన సంగతి కూడా చెబుతాను. అందులో పేలుడు పదార్థం లేదు, ఎవరూ చనిపోలేదు, ముగ్గురు వైమానిక దళ అధికారులను తొలగించారు. దాని పక్కనే ఇంకొకటి చెబుతాను: ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని భారత్, పాకిస్తాన్ 1988 డిసెంబరు 31న ఒప్పందం రాసుకున్నాయి, 1992 నుంచి ఏటా జనవరి 1న తమ తమ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం తరువాతి జనవరిలోనూ ఇచ్చిపుచ్చుకున్నాయి.

దీనికంతటికీ మూడు పీరియడ్లు పడతాయి. మొదటి రోజు చీటీలు; రెండో రోజు భయాలు, గింజలు, లారీలు; మూడో రోజు పడవ, ధూళి, మిగిలిన చీటీలు. వీడియో చూపించదలిస్తే మూడో రోజు చివర, శబ్దం తీసేసి చూపించండి. చింతగింజలను పిల్లలతోనే లెక్కపెట్టించి వంటగదికి తిరిగి అప్పగించాలి. మేము ఇచ్చినప్పుడు 1,023లో పదకొండు తగ్గాయి, వంటామె ఆ పదకొండూ అడిగింది.